ఆయాసం తగ్గి నిద్రపోయాడా? ముందు లేపి చూడండి

"రాత్రంతా ఆయాసపడి తెల్లారుజామున నిద్రపోయాడు, హమ్మయ్య అనుకున్నాం. ఆరింటికి చూస్తే ఉలుకూ పలుకూ లేదు." చలి ముదిరితే విశాఖలో ఈ మాట ఏదో ఒక ఇంటినుంచి వస్తూనే ఉంటుంది. ఆస్తమా, సీఓపీడీ (ఊపిరి గొట్టాలు ఏళ్లతరబడి ఇరుకైపోయే జబ్బు), న్యుమోనియా ఉన్నవాళ్ల ఇళ్లలో అందరూ చేసే తప్పు ఇదే.

అది నిద్ర కాదు, మత్తు. గంటల తరబడి ఎగశ్వాస తీసిన కండరాలు అలసిపోతాయి. ఊపిరి పైపైనే ఆడుతుంది, ఆక్సిజన్ పడిపోతుంది, ఒంట్లో పేరుకున్న కార్బన్ డయాక్సైడ్ మగతలోకి లాగేస్తుంది. ఊపిరి నెమ్మదించింది కాబట్టి తగ్గిందనుకుంటాం. పేరు పెట్టి పిలవండి. నిద్రయితే కళ్లు తెరిచి తిన్నగా జవాబిస్తాడు. మత్తయితే ఏదో గొణిగి మళ్లీ వాలిపోతాడు.

అంతకుముందే కనిపించేవి: వాక్యం పూర్తి చేయలేక మధ్యలో ఆగడం, మోకాళ్లమీద చేతులు ఆన్చి ముందుకు వంగి కూర్చోవడం, ఊపిరి పీల్చినప్పుడల్లా మెడ కింద గుంట లోపలికి లాక్కుపోవడం. కారణం లేని చిరాకు, దుప్పటి పీకడం, తికమక మాటలు కూడా. ఆక్సిజన్ పడిపోతే ఒళ్లు నీలం తిరుగుతుంది, దానికోసం గోళ్లు ఒక్కటే కాదు, కింది పెదవి లోపలివైపు, నాలుక చూడండి. రక్తహీనత ఉంటే ఆ నీలమూ తేలదు. పిల్లలు డొక్కలెగరేస్తుంటే ఇంకేమీ చూడొద్దు, బయల్దేరండి.

ఊపిరి నిమిషం నిండా లెక్కపెట్టండి, రోగికి చెప్పకుండా. పెద్దవాళ్లకు 25 దాటితే ప్రమాదం.

ఆక్సీమీటర్ (రక్తంలో ఆక్సిజన్ శాతం చూపే క్లిప్పు) వేలికి పెట్టేముందు నెయిల్ పాలిష్ తుడవండి, చల్లబడ్డ చేతులు రుద్ది వెచ్చచేయండి, అంకె నిలకడయ్యేదాకా ఆగండి. 94, 93 అయితే ఆ రోజే డాక్టర్. 92కి దిగితే ఆసుపత్రి. 90 లోపయితే 108. సీఓపీడీ వాళ్లలో చాలామందికి 88–92 చాలు, డాక్టర్ ఎంత ఉండాలన్నారో కనుక్కుని రాసిపెట్టుకోండి. వాళ్లకు 99 రావాలని కాన్సంట్రేటర్ (ఇంట్లో ఆక్సిజన్ ఇచ్చే యంత్రం) పెంచకండి, అదే మత్తు ముంచుకొస్తుంది.

తలుపులు మూసిన గదిలో కుంపటి పెట్టకండి. ఆ పొగలో కార్బన్ మోనాక్సైడ్ పట్టినవాళ్లకు ఆక్సీమీటర్ 98 చూపిస్తుంది, నమ్మకండి.

నిద్రమాత్ర ఇవ్వకండి. దగ్గుమందు ఇచ్చి పడుకోబెట్టకండి. గాజువాక నుంచి కేజీహెచ్ (కింగ్ జార్జ్ ఆసుపత్రి) దాకా ఆక్సిజన్ లేకుండా ఆటోలో తేకండి, 108 పిలవండి. వచ్చేదాకా దిండ్లు ఎత్తుపెట్టి కూర్చోబెట్టండి. మాట్లాడిస్తూనే ఉండండి. నిద్రపోనీలే అనకండి, లేపండి. లేవకపోతే 108కి మళ్లీ చేసి ఆ మాటే ముందు చెప్పండి. ఊపిరి లేకపోతే నేలమీద పడుకోబెట్టి ఛాతీ నొక్కడం మొదలుపెట్టండి.