మిద్దె మీద మూకీ దయ్యాల బంగ్లా

'ద క్యాట్ అండ్ ద కెనరీ' 1927 నాటి మూకీ. జర్మనీ నుంచి అమెరికా వెళ్లిన పాల్ లెనీ, యూనివర్సల్ కంపెనీకి తీశాడు. ఇందులో భయమంతా నీడల్లోనే ఉంది. ట్యూబ్‌లైటు వెలుగులో చూస్తే ఉత్త పాత బొమ్మే. అందుకే రాత్రిపూట మిద్దె మీద ప్రొజెక్టరుతో వేసుకోండి.

కర్నూలులో మే నెలలో పొద్దు గుంకేసరికి ఆరూముక్కాలు అవుతుంది. ఏడున్నరకు ముందు మొదలుపెట్టొద్దు. పున్నమి దాటిన నాలుగైదు రోజుల నుంచి అమావాస్య దాకా మంచి రోజులు, చంద్రుడు వచ్చేలోపు సినిమా అయిపోతుంది. వెన్నెల పడితే నలుపు కాస్తా బూడిద రంగవుతుంది.

తెరకు మెట్లగది గోడ మేలు. సున్నంలో నీలిమందు కలిపి ఉంటే మాత్రం బొమ్మంతా నీలంగా కనిపిస్తుంది. పంచె కడితే రెండు మడతలు వేసి, కింది అంచుకు కర్ర కట్టి, దానికి ఇటుకలు వేలాడదీయండి. లేకపోతే గాలికి పంచె ఊగుతుంది, సినిమాలో వసారా పొడవునా ఊగే పరదాల బెదురు కాస్తా నవ్వులపాలవుతుంది!

బొమ్మ 4:3లోనే (వెడల్పు నాలుగు పాళ్లకు ఎత్తు మూడు) ఉండాలి, అటూఇటూ నల్లపట్టీలు వస్తే రానివ్వండి. సాగదీస్తే ముఖాలు పూరీల్లా ఉబ్బుతాయి. టీవీలో అయితే రంగులు దట్టం చేసే వివిడ్ మోడ్, కదలికలను నున్నగా చేసే మోషన్ స్మూతింగ్ రెండూ ఆపేయండి. మనుషులు గబగబా పరుగెత్తుతున్నట్టుంటే ఆ ప్రింటు వేగం తప్పింది. ప్లేయర్‌లో వేగాన్ని 0.9కి గానీ 0.8కి గానీ తగ్గించి చూడండి. నడక మామూలుగా కనిపించిన చోట ఆపండి.

అసలు పని చదివేవాళ్లది. మాటలన్నీ ఇంగ్లీషు అక్షరాల్లో తెర మీదికి వస్తాయి. ఒకరు ముందురోజే మొత్తం చూసి, ఒక్కో దానికి పొట్టి తెలుగు మాట రాసిపెట్టుకోవాలి. అప్పటికప్పుడు అనువదిస్తే మాట పూర్తయ్యేలోపు బొమ్మ మారిపోతుంది. కొన్నిచోట్ల అక్షరాలే ఉబ్బి వణుకుతాయి, అక్కడ గొంతూ వణకాలి.

పాత్రలు ఎక్కువ కాబట్టి మొదలుపెట్టకముందే వీలునామా సంగతి చెప్పేయండి. బంగ్లా యజమాని, ముసలి ధనవంతుడు సైరస్ వెస్ట్ చనిపోయిన 20 ఏళ్లకు అది చదువుతారు. ఆస్తి అతని బంధువులమ్మాయి అనబెల్‌కు. ఆమెకు మతి చలించిందని తేలితే, ఇంకో కవరులో పేరున్న మనిషికి. ఈ ముడి తెలిస్తే చాలు, ప్రతి చప్పుడూ ఆమెను పిచ్చిదాన్ని చెయ్యడానికేనేమో అనిపిస్తుంది. దొంగెవరో మాత్రం నోరు జారొద్దు.

కళ్లద్దాల పాల్ జోన్స్ పిరికితనానికి పిల్లలు పడీపడీ నవ్వుతారు, ఆపకండి. లెనీ కావాలనే నవ్వునూ బెదురునూ కలిపి పెట్టాడు. ఆ ఇంకో కవరులోని పేరును లాయరు చెప్పబోతుంటే ఆయన వెనక గోడ తలుపు తెరుచుకుంటుంది. అనబెల్ నిద్రలో ఉండగా మంచం తలాపున గోడలోంచి చెయ్యి వస్తుంది, మెల్లగా, వేళ్లు ముందుగా. బొరుగులూ చెనిక్కాయలూ ఆలోపే పంచేయండి.