జర్మనీకి కొత్తగా వచ్చిన మన బల్గేరియన్ కుటుంబాలకు

ప్లోవ్‌దివ్ నుంచో వ్రాత్సా నుంచో బస్సెక్కేసరికే మీకు పని ఎక్కడో ఏ బంధువో చూసిపెట్టి ఉంటారు. ఇల్లు చేరిన రెండు వారాలలోపు చిరునామా నమోదు చేయించుకోవాలనీ వాళ్ళే చెబుతారు. 2014 జనవరి 1 నుంచి మనకు ఇక్కడ పని అనుమతిపత్రం అక్కరలేదు కనుక, ఆ విషయాలు వదిలేస్తున్నాను. నా బెంగంతా పిల్లల గురించే.

మొన్న ఒక ఆసుపత్రి కౌంటరు దగ్గర పదేళ్ళ పిల్లవాడు తల్లికి దుబాసీగా నిలబడ్డాడు. నొప్పి రాత్రిపూట కూడా వస్తోందా అని కౌంటరులో కూర్చున్నావిడ అడిగితే, తల్లి మన అలవాటు ప్రకారం అవునంటూ తల అడ్డంగా ఊపింది. ఇక్కడే పెరిగిన ఆ పిల్లవాడు దానికి ‘కాదు’ అని అర్థం చేసుకుని అలాగే చెప్పాడు, కౌంటరులో ఆవిడ అలాగే రాసుకుంది. వెనక వరుసలో ఉన్న నేను కల్పించుకోకపోతే డాక్టరుకు ఆ మాటే చేరేది. అమ్మా, నాన్నా, మీ రోగాలూ అప్పులూ పసివాడి నోట పలికించకండి. ఆఫీసుల్లో అవునో కాదో నోటితో చెప్పండి.

నేను వచ్చిన మొదటి చలికాలమంతా గోదాములో రాత్రి షిఫ్టులే. మేస్త్రీ మనవాడే, గదిలో ఉన్నవాళ్ళూ మనవాళ్ళే, వచ్చిన ప్రతి ఉత్తరాన్నీ డబ్బు తీసుకుని చదివిపెట్టేవాడూ మనవాడే కావడంతో, జర్మన్ ముక్క రాకుండానే నెలలు గడిచిపోయాయి, జీతంలో ఏం కోస్తున్నారో అడిగే నోరు కూడా లేకపోయింది. అందుకే చెబుతున్నాను, ఇంటిగ్రేషన్ కోర్సులో చేరండి. సాధారణంగా 600 గంటల భాష, 100 గంటల పౌర పాఠాలు ఉంటాయి. మనకు అది తప్పనిసరి కాదు కనుక, ఇప్పుడు మనలాంటివాళ్ళను చేర్చుకుంటున్నారో లేదో వలసల వ్యవహారాలు చూసే ఫెడరల్ కార్యాలయాన్ని ముందే అడగండి. పని చేసి వచ్చాక ఒళ్ళు హూనమై ఉంటుందంటారు. ఉంటుంది, అయినా వెళ్ళండి.

జర్మన్ వచ్చాక ఇంకో పొరపాటు మొదలవుతుంది. బడిలో వెనకబడతారన్న భయంతో ఇంట్లోనూ పిల్లలతో వచ్చీరాని జర్మనే మాట్లాడతారు. మార్చి 1న చేతికి ఎరుపు తెలుపు దారాల మార్తెనిత్సా కట్టి, మే 24న మన భాష రాసే సిరిల్లిక్ అక్షరాల పండుగకు ఫోటో దిగితే సరిపోతుందనుకుంటారు. సరిపోదు! ఊళ్ళో ఉన్న నాయనమ్మ ఫోనులో పంపిన నాలుగు వాక్యాలు మనవరాలు తనంతట తాను చదివి జవాబు రాయగలగాలి. అనేక నగరాల్లో వారాంతాల్లో మనవాళ్ళ బడులు నడుస్తున్నాయి. భాష, సాహిత్యం, చరిత్ర, భూగోళం చెబుతారు, చాలావాటికి బల్గేరియా విద్యాశాఖ సాయం కూడా ఉంది. శనివారం నిద్ర చాలదని మానిపించే తల్లిదండ్రులను చూస్తే నాకు ఒళ్ళు మండుతుంది.

సరే, ఇంతగా భయపెట్టాను కనుక ఇదీ చెప్పాలి. పిల్లలకు రెండు భాషలు బరువు కావు, మీరు ఇంట్లో మాట్లాడుతూ ఉంటే రెండూ నిలుస్తాయి. మీకూ మొదటి ఏడాది గడిస్తే ఆఫీసు ఉత్తరం చూసి గుండె దడదడలాడటం తగ్గుతుంది. వారాంతపు బడిలో పేరు మాత్రం వేసవి సెలవులకు ముందే రాయించండి.