పాత పోలీసు రివాల్వర్ తూటాల సంచీ: చూడవలసిన తీరు, నింపిన పద్ధతులు, కాపాడే విధానం

అమెరికా పోలీసులు దాదాపు 1980ల చివరి వరకు రివాల్వర్‌నే నమ్ముకొని పనిచేశారు. అందులో పట్టేవి ఆరు తూటాలే కనుక, మిగిలినవి నడుము బెల్టుకు తగిలించిన చిన్న తోలు సంచీల్లోనో, బెల్టుకు కుట్టిన తోలు వంకీల్లోనో ఉండేవి. ఆ సంచీలు ఇప్పుడు పాత సామాన్ల దుకాణాలలోనూ, వేలంపాటలలోనూ, అక్కడ స్థిరపడిన మనవాళ్లకు పొరుగింటి గ్యారేజి అమ్మకాలలోనూ తరచుగా కనబడుతుంటాయి. సేకర్తలలో చాలామంది తోలు నిగనిగను, తయారీదారు ముద్రను చూసి కొంటారు గాని, నా ఉద్దేశంలో మొదట చూడవలసింది అది కాదు. సంచీ ఆకారమూ, అది అరిగిన చోట్లూ దానిలోంచి తూటా తీసిన చేతి కదలికను బట్టి ఏర్పడినవి. ఆ కదలిక తెలియనివారికి లోపంగా కనబడే అరుగుదలే, తెలిసినవారికి ఆ వస్తువు నిజంగా కొలువు చేసిందనడానికి సాక్ష్యమవుతుంది.

సంచీ చేతికి రాగానే చేయవలసిన పని ఒకటుంది. టిచ్ బటన్లు మెల్లగా విప్పి, లోపల తూటాలేమైనా మిగిలిపోయాయేమో చూడాలి. ఉంటే వాటిని పట్టకారుతో లాగరాదు, వేడి చేయరాదు, నూనెలో నానబెట్టరాదు. తూటా అడుగున మధ్యలో గుంట పడి ఉన్నా, కొసన గుండు అలాగే ఉంటే అది పేలకుండా మిగిలిన తూటా అని భావించాలి తప్ప నిర్జీవమని అనుకోకూడదు. భారతదేశంలో లైసెన్సు లేకుండా తూటా దగ్గర ఉంచుకోవడం 1959 నాటి ఆయుధాల చట్టం ప్రకారం నేరం కనుక, వెంటనే పోలీసు ఠాణాకు తెలియజేయడమే మార్గం. అమెరికాలో ఉన్నవారు స్థానిక పోలీసులకో, లైసెన్సున్న తుపాకుల మరమ్మతుదారుకో అప్పగించవచ్చు.

ఇక కదలిక సంగతి. ఆ కాలపు అమెరికన్ పోలీసు రివాల్వర్లలో ఎక్కువగా కనబడేవి స్మిత్ అండ్ వెసన్ మోడల్ 10, కోల్ట్ అఫీషియల్ పోలీస్. రెండింటిలోనూ .38 స్పెషల్ తూటా పడుతుంది, రెండింటి సిలిండర్ (తూటాలు పట్టే, గుండ్రంగా తిరిగే భాగం) ఎడమవైపుకే తెరుచుకుంటుంది. స్మిత్ అండ్ వెసన్‌లో బొటనవేలి మీటను ముందుకు నెట్టాలి, కోల్ట్‌లో వెనక్కి లాగాలి. కుడిచేతివాటం పోలీసు రివాల్వర్‌ను ఎడమచేతిలోకి మార్చుకొని, తుపాకీ గొట్టం మూతిని పైకెత్తి, సిలిండర్ ముందున్న కడ్డీని అరచేతితో గట్టిగా నొక్కేవాడు. మూతి పైకి ఉంటేనే పేలిన తూటాల ఖాళీ ఇత్తడి గొట్టాలు తమ బరువుకు కింద పడతాయి. అడ్డంగా పట్టుకొని నొక్కితే ఒక గొట్టం నక్షత్రాకారపు తోపుడు రేకు కిందికి జారి ఇరుక్కుంటుంది, అప్పుడు దాన్ని గోటితో పెకలించవలసి వస్తుంది. గొట్టాలు రాలిన తరువాత మూతిని నేలవైపు దించి, కుడిచేత్తో బెల్టు మీది కొత్త తూటాలను అందుకునేవాడు. సంచీల మధ్య తేడా అంతా ఈ చివరి ఘట్టంలోనే ఉన్నది.

అన్నిటికంటే ఎక్కువగా దొరికేది ‘డంప్ పౌచ్’, అంటే తూటాలను అరచేతిలోకి ఒలకబోసే సంచీ. సాధారణంగా రెండు అరలు పక్కపక్కనే ఉంటాయి, ఒక్కొక్క దానిలో ఆరు తూటాలు పడతాయి. టిచ్ బటన్ విప్పగానే అర బెల్టు నుంచి ముందుకు వాలి, లోపలి ఆరూ ఒక్కసారిగా చేతిలో పడతాయి. వినడానికి ఇది చక్కని ఏర్పాటుగానే ఉంటుంది. కాని చేతిలో పడిన ఆరు తూటాలూ ఒకే దిక్కుకు తిరిగి ఉండవు. వాటిని వేళ్లతో సర్దుకుంటూ రెండేసిగానో ఒక్కొక్కటిగానో నింపాలి. చీకటిలో, వర్షంలో, చేతులు వణుకుతున్నప్పుడు రెండు మూడైనా నేలపాలు కావడం మామూలే. బటన్ వదులైన సంచీ అయితే పరుగెత్తేటప్పుడు తానే తెరుచుకొని తూటాలను దారి పొడవునా చల్లుకుంటూ పోతుంది. కాబట్టి డంప్ పౌచ్‌ను పరీక్షించేటప్పుడు బటన్ ‘టిక్కు’మని గట్టిగా పడుతున్నదా, మూత తెరిస్తే అర తనంతట తాను వాలుతున్నదా, మూత అంచు బొటనవేలు ఆనే చోట నల్లబడి మెత్తబడి ఉన్నదా అనే మూడింటినీ గమనించాలి. మూడోది ఉంటే అది అలంకారానికి కాక వాడుకకు ఉన్న సంచీ అని చెప్పవచ్చు.

పరీక్షించడానికి నిజమైన తూటాలు అక్కరలేదు. .38 స్పెషల్ తూటా మొత్తం పొడవు సుమారు 39.4 మి.మీ., ఇత్తడి గొట్టం వ్యాసం 9.6 మి.మీ., అడుగు అంచు వ్యాసం 11.2 మి.మీ. ఈ కొలతలతో వడ్రంగి చేత ఆరు చెక్క ముక్కలు చేయించుకుంటే చాలు. .357 మాగ్నమ్ తూటా మొత్తం పొడవు దీనికంటే ఒక్క మిల్లీమీటరు మాత్రమే ఎక్కువ, వ్యాసం అదే. అందువల్ల ఒకే సంచీ రెండింటికీ సరిపోతుంది, అమ్మేవారు ‘మాగ్నమ్ సంచీ’ అని అదనపు ధర చెబితే దానికి ఆధారం అడగాలి.

తోలు వంకీల పద్ధతి డంప్ పౌచ్ కంటే పాతది. బెల్టుకో, బెల్టులోకి దూర్చే తోలు పట్టీకో వరుసగా కుట్టిన వంకీలలో తూటాలు అడుగు పైకి, గుండు కిందికి ఉండేలా నిలబడతాయి. దీనిలోని మేలు ఏమిటంటే తూటా దిక్కు ముందే తెలుసు. కింది నుంచి వేలితో గుండును కాస్త పైకి నెట్టి, రెండు తూటాలను జంటగా పట్టి లాగి, నేలవైపు మూతి ఉన్న రివాల్వర్‌లోకి నేరుగా దించవచ్చు. సాధన ఉన్నవాడికి ఇది ఒలకబోసే సంచీకంటే నమ్మకమైనది. కాని తూటాలు ఎండకూ వానకూ దుమ్ముకూ బయటపడి ఉంటాయి, పైగా తోలు, ఇత్తడి ఒకదానినొకటి తినేస్తాయి. మన దగ్గర తంగేడు చెక్కతో తోలు పదును చేసినట్లే అక్కడ ఓక్ వంటి చెట్ల చెక్కతో పదును చేసేవారు. ఆ తోలులో మిగిలిన ఆమ్లాలూ కొవ్వులూ ఇత్తడితో కలిసి ఆకుపచ్చని మైనం లాంటి చిలుమును పుట్టిస్తాయి. చిలుము పట్టిన తూటా వంకీలోంచి రాదు, వచ్చినా సిలిండర్‌లోకి సాఫీగా దిగదు. నికెల్ పూత పూసిన తూటాలు పోలీసులలో అంతగా చెలామణీ కావడానికి ఇదొక కారణం. వంకీల లోపలి వైపున ఆకుపచ్చని వలయాలు కనబడితే కంగారు పడనక్కరలేదు, అవి కాలం వేసిన ముద్రలు. అన్ని వంకీలూ ఒకే కొలతలో, ఏ మరకా లేకుండా ఉంటేనే అనుమానించాలి.

1970 ఏప్రిల్ 5 అర్ధరాత్రి వేళ కాలిఫోర్నియాలోని న్యూహాల్ వద్ద జరిగిన కాల్పులలో కాలిఫోర్నియా హైవే పెట్రోల్‌కు చెందిన నలుగురు అధికారులు మరణించారు. వారిలో ఒకరు ఆరు తూటాలూ పేల్చేసి, డంప్ పౌచ్‌లోంచి తీసిన విడి తూటాలను నింపుకుంటుండగా హతులయ్యారు. శిక్షణ మైదానంలో ఖాళీ గొట్టాలను నేల మీద పడేయకుండా పోగుచేసే అలవాటు వల్ల ఆయన జేబులో ఖాళీ గొట్టాలు దొరికాయన్న కథ ఎంతో ప్రచారం పొందింది గాని, రికార్డులను తిరగేసిన తరువాతి పరిశోధకులు దాన్ని కాదన్నారు. సంచీ అమ్మేవారు ఆ కథను చెప్పినప్పుడు వినవచ్చు, ధరలో కలపనివ్వరాదు. ఏమైనా ఆ ఘటన తరువాత ఆ సంస్థ స్పీడ్‌లోడర్లను, అంటే ఆరు తూటాలనూ ఒకేసారి సిలిండర్‌లోకి దించే సాధనాలను స్వీకరించింది.

స్పీడ్‌లోడర్ ఆలోచన అప్పటికే పాతది. బ్రిటిష్ వెబ్లీ రివాల్వర్ల కోసం ప్రిడో రూపొందించిన లోడర్ 1890ల నాటిది, మొదటి ప్రపంచ యుద్ధంలో బ్రిటిష్ అధికారులు దాన్ని వాడారు. అమెరికన్ పోలీసుల వద్ద ఎక్కువగా కనబడేవి రెండు: హెచ్‌కేఎస్ లోడర్‌లో ఆరు తూటాలనూ సిలిండర్‌లోకి దించి పిడిని తిప్పాలి, సఫారీలాండ్ లోడర్‌ను నేరుగా నొక్కితే చాలు. హెచ్‌కేఎస్ లోడర్ మీద మోడల్ సంఖ్య ఉంటుంది. 10-ఏ అని ఉంటే అది మోడల్ 10 పరిమాణపు స్మిత్ అండ్ వెసన్‌కు చెందినది. లోడర్ పెట్టే సంచీలు గుండ్రంగా ఉబ్బి ఉంటాయి. కొన్నింటిలో లోడర్ బెల్టు మీద గుర్రమెక్కినట్లు కూర్చొని, మూడు తూటాలు బెల్టుకు ముందు, మూడు వెనుక ఉండేవి. లావైన చెక్కపిడి ఉన్న రివాల్వర్‌కు లోడర్ తగిలి ఆగిపోతుంది కనుక ఎడమ పిడి పైభాగాన్ని చెక్కించుకునేవారు. అలా చెక్కిన పిడి దొరికితే దాని జతగా లోడర్ సంచీ కూడా ఉండి ఉంటుందని వెతకవచ్చు. ఇక బియాంకీ సంస్థ వారి ‘స్పీడ్ స్ట్రిప్’ ఆరు తూటాలను వరుసగా పట్టే మెత్తని పట్టీ. డంప్ పౌచ్‌లోనూ జేబులోనూ ఇమిడేది. పాత పట్టీలు గట్టిపడి చిట్లుతాయి, వంచి చూడకూడదు.

వయస్సు తేల్చడానికి వెనుకవైపు ముద్ర ఉపకరిస్తుంది. బియాంకీ వస్తువు మీద మోన్రోవియా అనే ఊరి పేరుంటే అది తెమెక్యులా అని ఉన్నదానికంటే ముందుది. అంచును భూతద్దంతో చూస్తే తోలు పీచుకు బదులు బట్ట పొర కనబడవచ్చు. అది క్లారినో వంటి కృత్రిమ తోలు. అటువంటి దానిని 1960ల మధ్య కంటే పాతదని ఎవరైనా అంటే నమ్మనవసరం లేదు. మన ఐపీఎస్ అధికారులు కొన్ని సందర్భాలలో ధరించే సామ్ బ్రౌన్ బెల్టు పేరే అమెరికన్ పోలీసు బెల్టుకూ వాడుకలో ఉన్నది. 

శుభ్రం చేయడంలో ఓర్పు ముఖ్యం. చిలుమును వెదురు పుల్లతోనో పంటి పుల్లతోనో గీకి, పొడి మెత్తని గుడ్డతో తుడవాలి. ఇనుప బ్రష్షు, చింతపండు, నిమ్మరసం వంటివి దగ్గరికి రానీయకూడదు. కొబ్బరినూనె పట్టిస్తే తోలు మొదట మెరుస్తుంది, తరువాత నల్లబడి దుమ్మును పీల్చుకుంటుంది, మన వానాకాలంలో బూజుకు ఆహారమవుతుంది. నూనె అసలే పెట్టకపోవడం మేలు. బూజు పడితే ఆరుబయట నీడలో ఆరనిచ్చి మెత్తని బ్రష్షుతో దులపాలి, ఎండలో పెట్టరాదు. ముట్టుకుంటే ఎర్రటి పొడి రాలే తోలు లోపల కుళ్లినదని అర్థం. దానికి నూనె మందు కాదు, భద్రపరిచే నిపుణులు వాడే క్లుసెల్-జీ ద్రావణం పొడిని కట్టివేస్తుందే గాని పోయిన బలాన్ని తిరిగి ఇవ్వదు.

దాచేటప్పుడు బటన్లు విప్పి ఉంచి, అరల్లో ఆమ్లం లేని కాగితపు ఉండలు కూరి, గాలిలో తేమ 45 నుంచి 55 శాతం మధ్య ఉండే చోట పెట్టాలి. తీరప్రాంతపు ఇళ్లలో డబ్బాలో సిలికా జెల్ పొట్లాలు వేసి నెలకొకసారి మార్చాలి. చెక్క ముక్కలనైనా అరల్లో వదిలేయరాదు, తోలు వాటి ఆకారానికి సాగిపోతుంది. సంచీ ఏ బెల్టుతో, ఏ వైపున తగిలి దొరికిందో ఒక చీటీ మీద పెన్సిలుతో రాసి దానితోపాటే ఉంచాలి. బెల్టు నుంచి విడదీసిన తరువాత అది కుడివైపుదో ఎడమవైపుదో చెప్పడం చాలాసార్లు సాధ్యం కాదు.