ట్రై-పవర్ ఐడిల్ నిలవట్లేదా?

పాత పాంటియాక్ జీటీఓ కారు 389 ఇంజిన్ మీద మూడు రోచెస్టర్ కార్బ్యురేటర్ల (గాలి, పెట్రోల్ కలిపి ఇంజిన్‌కి పంపేవి) ట్రై-పవర్ ఉంటే, ఐడిల్ (యాక్సిలరేటర్ తొక్కనప్పుడు ఇంజిన్ తిరిగే వేగం) నిలవట్లేదని వెంటనే సర్దుబాటు స్క్రూలు తిప్పకండి. ఐడిల్ చూసుకునేది మధ్యది ఒక్కటే. ముందుది, వెనకది యాక్సిలరేటర్ బాగా తొక్కినప్పుడే తెరుచుకోవాలి.

ఇంజిన్ వేడెక్కాక ఎయిర్ క్లీనర్లు తీసి, ఆ రెండింటి నోళ్లనీ ఒక్కొక్కటిగా మందపాటి అట్టతో మూసి చూడండి (చేయి పెట్టొద్దు, బ్యాక్‌ఫైర్ అయితే కాలుతుంది). ఆర్‌పీఎం మారిందంటే త్రాటిల్ ప్లేట్లు (గాలి దారిని తెరిచి మూసే పలకలు) పూర్తిగా మూసుకోక గాలి లాగుతున్నాయన్నమాట. మొదట కార్బ్యురేటర్లను కలిపే లింకేజ్ రాడ్ విప్పి మళ్లీ చూడండి. చాలాసార్లు అదే వాటిని కాస్త తెరిచి పట్టుకుంటుంది. అది బాగానే ఉంటే ప్లేట్లను బోర్‌లో (కార్బ్యురేటర్ లోపలి గాలి గొట్టంలో) సరిగ్గా కూర్చోబెట్టి, వాటి స్క్రూలకు థ్రెడ్ లాకర్ (స్క్రూ వదులవకుండా పట్టే జిగురు) రాసి బిగించాలి. ఊడితే నేరుగా ఇంజిన్‌లోకే పోతాయి! మధ్యదాని మిక్శ్చర్ (గాలి-పెట్రోల్ పాళ్లు) జోలికి ఆ తర్వాతే వెళ్లండి.