గేర్ సైకిల్ ఎక్కే ముందు
హన్మకొండ నుంచి కాజీపేట బయల్దేరే ముందు సీటు ఎత్తు చూసుకోండి. పెడల్ అడుగున ఉన్నప్పుడు దానిపై మడమ ఆనిస్తే మోకాలు నిటారుగా రావాలి. తొక్కడం మాత్రం పాదం ముందు భాగంతోనే. సీటు మరీ కిందికుంటే మోకాలి చిప్ప నొప్పెడుతుంది.

టైర్లలో గాలి, బ్రేకులు: నిమిషం పని.

కొత్తవాళ్లు తప్పు చేసేది గేరు దగ్గరే. ఫాతిమానగర్ బ్రిడ్జి సగం ఎక్కాక, బలమంతా పెట్టి తొక్కుతూ గేరు మారిస్తే చైన్ కటకటలాడుతుంది, ఒక్కోసారి ఊడుతుంది కూడా. ఎత్తు మొదలవ్వకముందే వెనక పెద్ద పళ్లచక్రానికి, అంటే తేలిక గేరుకు మార్చండి. ఆ క్షణం కాళ్ల బలం తగ్గించాలి, తిప్పడం ఆపొద్దు. ముందూ వెనకా రెండూ పెద్ద పళ్లచక్రాలే వాడితే చైన్ ఏటవాలుగా సాగి త్వరగా అరుగుతుంది.

చదును రోడ్డుపై కుడికాలు 15 సెకన్లలో 18-20 సార్లు కిందికి రావాలి. పదికి పడిపోయిందా, గేరు బరువెక్కినట్టే. బరువు గేరులో తొక్కితేనే వ్యాయామమనేది ఉత్త భ్రమ.