బెంగళూరులో ఫిజిక్స్ చదువుతున్నారా? అయితే కాలేజీ గేటు బయట ఏం చేయాలో చెప్తాను

మన ఊళ్ల నుంచి బెంగళూరు వచ్చి బీఎస్సీలో చేరిన పిల్లలు చాలామంది కాలేజీ, హాస్టల్, మళ్లీ కాలేజీ అన్నట్టు మూడేళ్లూ తిరిగేసి వెళ్లిపోతారు. నేనూ మొదటి ఏడాదంతా అదే పని చేశాను. యశ్వంతపూర్‌లో రైలు దిగి ఐఐఎస్సీ (ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సైన్స్) గోడ పక్క నుంచి ఎన్నిసార్లు బస్సులో పోయానో లెక్కలేదు గానీ, లోపలికి మనల్ని కూడా రానిస్తారేమో అన్న ఆలోచన ఒక్కసారీ రాలేదు.

రానిస్తారు. ఐఐఎస్సీ ఏటా ఒకరోజు ఓపెన్ డే పెడుతుంది, ఎవరైనా వెళ్లొచ్చు, తేదీ వాళ్ల వెబ్‌సైట్‌లో ముందే వస్తుంది. జనం విపరీతంగా ఉంటారు కాబట్టి పొద్దున్నే వెళ్లండి. అన్నీ చూడాలని పరిగెత్తకుండా ఫిజిక్స్ డిపార్ట్‌మెంట్‌లో రెండు మూడు ల్యాబ్‌ల దగ్గర ఆగండి. హడావుడి ఉన్న స్టాల్ కన్నా, ఎవరూ ఆగని పోస్టర్ పక్కన దిగాలుగా నిలబడ్డ పీహెచ్‌డీ అన్నో అక్కో మీకు ఎక్కువ పనికొస్తారు. "ఇందులో మీకు బాగా ఇబ్బంది పెట్టిన భాగం ఏది?" అని అడిగి చూడండి, పావుగంట ఆపకుండా చెప్తారు.

కస్తూర్బా రోడ్డులోని విశ్వేశ్వరయ్య సైన్స్ మ్యూజియం ఒకసారి చూస్తే చాలు. ప్లానిటోరియం సంగతి అలా కాదు. జవహర్‌లాల్ నెహ్రూ ప్లానిటోరియం అంటే ఆకాశం బొమ్మలు చూపించే హాలు అనుకుంటారు గానీ, డిగ్రీ స్టూడెంట్స్ కోసం అక్కడ రీప్ అనే కార్యక్రమంలో వారాంతాల్లో క్లాసులు చెప్తారు. సిలబస్ పూర్తిచేయాలన్న తొందర లేని ఫిజిక్స్ అది. ఈ ఊళ్లో ఒక్కటే పని చేసే టైముంటే అదే చేయండి, చేరే వివరాలు వాళ్లనే కనుక్కోండి.

ఇక సెమినార్లు. సదాశివనగర్ దగ్గర రామన్ రీసెర్చ్ ఇన్‌స్టిట్యూట్, కోరమంగళలో ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఆస్ట్రోఫిజిక్స్, ఊరి బయట హెసరఘట్ట వైపు ఐసీటీఎస్ (ఇంటర్నేషనల్ సెంటర్ ఫర్ థియరెటికల్ సైన్సెస్), వీటన్నిటి వెబ్‌సైట్లలో ప్రసంగాల వివరాలు ఉంటాయి. అందరికీ ప్రవేశం ఉందో లేదో నోటీసులో చూడండి, రాసి లేకపోతే నిర్వాహకులకి రెండు లైన్ల మెయిల్ పెట్టండి, ఐడీ కార్డు మర్చిపోవద్దు. ఐసీటీఎస్ దూరం అనుకుంటే వాళ్ల లెక్చర్లు యూట్యూబ్‌లో బోలెడు ఉన్నాయి.

మొదటి సెమినార్‌లో ఏమీ అర్థం కాదు, అది మామూలే. నేనైతే మూడో స్లైడ్ దగ్గరే చేతులెత్తేశాను, చివర్లో ఇచ్చిన టీ, బిస్కెట్లు మాత్రం బాగా గుర్తున్నాయి. తర్వాత ఒక పద్ధతి దొరికింది. మొదటి పది నిమిషాలు ప్రాణం పెట్టి వినాలి, ఎందుకంటే ప్రశ్న ఏమిటో, అదెందుకు ముఖ్యమో అక్కడే చెప్తారు. ఆ తర్వాత అర్థం కాని పదాలు ఒక మూడు రాసుకోవాలి, ముప్పై కాదు. వింటున్నంతసేపూ ఒకటే ప్రశ్న వేసుకోవాలి: వీళ్లు నిజంగా చేత్తో కొలిచింది ఏది, లెక్కగట్టింది ఏది? హాస్టల్‌కి వచ్చాక ఆ మూడు పదాల గురించి చదవాలి. చదవడానికి రెసొనెన్స్ పత్రిక బాగుంటుంది. ఇండియన్ అకాడమీ ఆఫ్ సైన్సెస్ వాళ్లు 1996 నుంచి నెలనెలా తెస్తున్నారు, డిగ్రీ పిల్లల కోసమే రాస్తారు, ఆన్‌లైన్‌లో ఉచితం.

ప్రొఫెసర్లకి మెయిల్ పెట్టేటప్పుడు "నాకు క్వాంటమ్ అంటే ప్రాణం సార్" అని ఒకే ఉత్తరం యాభై మందికి పంపకండి, నేను పంపాను, ఒక్క జవాబూ రాలేదు. ఒక్కరిని ఎంచుకుని, ఆయన పేపర్‌లో కనీసం మొదటి రెండు పేజీలు చదివి, ఎక్కడ ఆగిపోయారో రాసి, ఒక్క సందేహం అడగండి. పద్ధతి ప్రకారం పోవాలంటే మూడు సైన్స్ అకాడమీలు కలిసి ఇచ్చే సమ్మర్ రీసెర్చ్ ఫెలోషిప్ ఉంది, రెండు నెలలు ఒక సైంటిస్ట్ దగ్గర పని చేయొచ్చు. అప్లికేషన్‌లో మీ ఆసక్తి గురించి చిన్న రైటప్ అడుగుతారు, దాన్ని చివరి రాత్రికి వదిలేయొద్దు.

ఇంత తిరిగాక ఒక జబ్బు పట్టుకుంటుంది. వారానికి మూడు ప్రసంగాలు వింటాం, ఒక్క ప్రాబ్లమ్ కూడా చెయ్యం. చెట్టు పేరు చెప్పుకుని కాయలు అమ్ముకోవడమే అది. రామన్‌కి నోబెల్ తెచ్చిన పని 1928లో కలకత్తాలో జరిగింది. ఆయన ఇక్కడికొచ్చింది 1933లో, సొంత ఇన్‌స్టిట్యూట్ పెట్టింది 1948లో. అంటే ఈ ఊళ్లో ఉన్నంత మాత్రాన పని జరిగిపోదు. అందుకని సెమినార్‌కి వెళ్లిన వారమే గదిలో కూర్చుని చేత్తో ఏదో ఒకటి కొలవండి. పాత సీడీ ఒకటి, ఎర్ర లేజర్ పాయింటర్ ఒకటి చాలు. అట్టముక్కకి చిన్న రంధ్రం చేసి, సీడీకి 30 సెంటీమీటర్ల ఎదురుగా పెట్టి, రంధ్రంలోంచి లేజర్‌ని సీడీ మీద లంబంగా కొట్టండి. లేజర్ కంట్లో పడనివ్వొద్దు, సీడీ మీద పడి తిరిగొచ్చే కాంతి అయినా సరే. అట్ట మీద అటూ ఇటూ చుక్కలు పడతాయి. సీడీ ట్రాకుల మధ్య దూరం 1.6 మైక్రోమీటర్లు, లేజర్ తరంగదైర్ఘ్యం 650 నానోమీటర్లైతే మొదటి చుక్క రంధ్రం నుంచి సుమారు 13 సెంటీమీటర్ల దూరంలో రావాలి. దూరం కొలిచి, కోణం లెక్కగట్టి, తరంగదైర్ఘ్యం మీరే తేల్చండి.

నాకు మొదటిసారి 700 నానోమీటర్లు వచ్చింది. అట్ట వంగిందా, స్కేలు తప్పు చూశానా, సీడీ వాలుగా ఉందా అని రెండు సాయంత్రాలు తన్నుకున్నాను. కుడి చుక్క, ఎడమ చుక్క రెండిటి దూరాలూ విడివిడిగా కొలిచాక తెలిసింది, అవి సమానంగా లేవు, అంటే సీడీయే వాలింది. మీకు ఎంత వస్తుందో, ఎందుకు తేడా వచ్చిందో కాగితం మీద రాసుకుని, వచ్చే ఓపెన్ డేలో ఆ పోస్టర్ పక్కన నిలబడ్డ అన్నకి చూపించండి.