నడుస్తున్న ప్రోగ్రాంను ఆపుతున్నదెవరో కనిపెట్టడం ఎలా?

విశాఖ ఫిషింగ్ హార్బర్‌లో తెల్లవారకముందే వేలం మొదలవుతుంది. ఆ పక్కనే ఓ ఎగుమతి ఆఫీసులో తూకాల లెక్కలు రాసే ప్రోగ్రాం లైనక్స్ సర్వర్ మీద నడుస్తోందనుకోండి. అర్ధరాత్రి దాటాక అది ఆగిపోతోంది. లాగ్‌లో ఎర్రర్ లేదు. పొద్దున్నే ఫోన్లు, టెన్షన్. చాలామంది దాన్ని మళ్లీ లేపే స్క్రిప్ట్ ఒకటి రాసి ఊరుకుంటారు. దానివల్ల కారణం బయటపడదు. లైనక్స్‌లో నడుస్తున్న ప్రోగ్రాంకు 'ఆగు' లాంటి కబురు సిగ్నల్ రూపంలో వస్తుంది. ఏ సిగ్నల్ వచ్చిందో, ఎవరు పంపారో లైనక్స్ గుండెకాయ అయిన కెర్నెల్‌కు తెలుసు. దాన్ని అడగాలి.

ఇక్కడ కమాండ్‌లను తెలుగు అక్షరాల్లో రాస్తున్నాను, టైప్ చేసేది ఇంగ్లిష్ స్మాల్ లెటర్స్‌లో. ముందు, పేరును బట్టి వెతికే పీగ్రెప్‌తో ప్రాసెస్ (నడుస్తున్న ప్రోగ్రాం) నంబరు తెలుసుకోండి. తర్వాత ప్రాక్ డైరెక్టరీలో ఆ నంబరు కింద ఉన్న స్టేటస్ ఫైలు తెరవండి. అందులో సిగ్‌సీజీటీ అనే వరస ఉంటుంది. ప్రోగ్రాం ఏ సిగ్నల్స్‌ను తానే పట్టుకుంటుందో చెప్పే హెక్సాడెసిమల్ సంఖ్య (0-9, ఏ-ఎఫ్ అంకెలతో రాసేది) అది. దాని చివరి అంకె బేసి అయితే (బి, డి, ఎఫ్ కూడా బేసే) 1వ నంబరు సిగ్నల్ సిగ్‌హప్‌ను (కనెక్షన్ తెగినప్పుడూ వచ్చేది ఇదే) పట్టుకునే ఏర్పాటు ఉన్నట్టు. అక్కడా లేక, దాని పైన ఉన్న సిగ్‌ఐజీఎన్ (పట్టించుకోని సిగ్నల్స్) వరసలోనూ లేకపోతే, సిగ్‌హప్ రాగానే ప్రోగ్రాం ఆగిపోతుంది. ఈ ఒక్క చూపుతోనే సగం అనుమానాలు తీరిపోతాయి.

ఇక కాపలా. దానికి ఎస్‌ట్రేస్ ఉంది, ప్రోగ్రాంకూ కెర్నెల్‌కూ మధ్య జరిగేది చూపే టూల్. 'ఎస్‌ట్రేస్ -ఎఫ్ -ఈ ట్రేస్=నన్ -ఓ ఫైలుపేరు -పి నంబరు' అని ఇస్తే సిస్టమ్ కాల్స్ (ప్రోగ్రాం కెర్నెల్‌ను అడిగే పనులు) గోల లేకుండా సిగ్నల్స్ మాత్రమే ఫైల్లో పడతాయి. ఉబుంటులో ఒక ప్రోగ్రాం మరోదానిలోకి తొంగిచూడకుండా యామా అనే రక్షణ ఉంది కాబట్టి ముందు సుడో (అడ్మిన్ హక్కులతో నడిపే కమాండ్) పెట్టక తప్పదు. దీన్ని, కనెక్షన్ తెగినా నడుస్తూనే ఉండే టీమక్స్‌లో నడపండి. గాజువాకలో ఇంటి నుంచి లాగిన్ అయి, మధ్యలో నెట్ పోతే, ఆ తెగిన కనెక్షనే సిగ్‌హప్‌గా వచ్చి ఎస్‌ట్రేస్‌ను కూడా ఆపేయగలదు!

సొంతంగా రాసుకోవాలంటే రస్ట్ భాషలో నిక్స్ లైబ్రరీ హాయిగా ఉంటుంది. లోపల పనిచేసేది, ఒక ప్రాసెస్ మరోదాన్ని ఆపి చూసేందుకు ఉన్న పీట్రేస్ సిస్టమ్ కాలే. మొదట అటాచ్ ఫంక్షన్‌కు ప్రాసెస్ నంబరు ఇవ్వండి. అప్పుడు కెర్నెల్ ఆ ప్రాసెస్‌కు సిగ్‌స్టాప్ పంపి ఆపుతుంది. ప్రాసెస్ స్థితి మారేదాకా వేచి ఉండే వెయిట్‌పిడ్ పిలిస్తే 'స్టాప్డ్' అన్న సమాధానం వస్తుంది. ఈ మొదటి సిగ్‌స్టాప్ మనవల్ల వచ్చిందే కాబట్టి దాన్ని ముందుకు పంపకుండా, కంట్ ఫంక్షన్‌కు 'నన్' (ఏ సిగ్నల్ లేదు) ఇచ్చి ప్రాసెస్‌ను వదలండి. ఆ తర్వాత లూప్: వెయిట్‌పిడ్‌తో ఆగండి, స్టాప్డ్ రాగానే గెట్‌సిగ్‌ఇన్ఫో పిలిచి సిగ్నల్ వివరాలు రాసుకోండి, వచ్చిన సిగ్నల్‌నే కంట్‌కు ఇచ్చి ప్రాసెస్‌ను నడవనివ్వండి.

చివరి మాట దగ్గరే చాలా కోడ్‌లు తప్పుతాయి. ప్రతిసారీ 'నన్' ఇస్తే సిగ్నల్ మీ దగ్గరే ఆగిపోతుంది. ఆ రాత్రి ప్రోగ్రాం ఆగదు, 'సమస్య పోయింది' అనుకుంటారు. మీ ట్రేసర్ (ఈ కాపలా కోడ్) తీసేసిన రాత్రి మళ్లీ మొదలు. ఇంకోటి, అటాచ్ పట్టుకునేది ఒక్క థ్రెడ్‌నే (ప్రోగ్రాంలో సమాంతరంగా నడిచే పాయల్లో ఒకటి). ప్రోగ్రాంలో చాలా థ్రెడ్‌లుంటే, ప్రాక్‌లోని టాస్క్ డైరెక్టరీ చూసి ప్రతిదానికీ విడిగా అటాచ్ కావాలి (ఎస్‌ట్రేస్‌లో -ఎఫ్ పెట్టింది అందుకే). ఒక ప్రాసెస్‌కు ఒకే ట్రేసర్ కాబట్టి జీడీబీ డీబగ్గర్, ఎస్‌ట్రేస్, మీ కోడ్ ఒకేసారి కుదరవు.

వచ్చిన వివరాల్లో రెండు చూడండి. ఎస్ఐ-కోడ్ 0 అయితే మరో ప్రాసెస్ కిల్‌తో పంపినట్టు, 128 అయితే కెర్నెల్ పంపినట్టు. మరో ప్రాసెస్ అయితే ఎస్ఐ-పిడ్‌లో దాని నంబరు దొరుకుతుంది. ఆ నంబరు 1 అయితే సాధారణంగా సర్వీసులను నడిపే సిస్టమ్‌డీనే. సర్వీస్ సెట్టింగులు, టైమర్లు వెతకండి. మరేదో నంబరైతే దాని ప్రాక్ డైరెక్టరీలో సీఎండీలైన్ (ఏ కమాండ్‌తో మొదలైందో చెప్పే ఫైలు) వెంటనే చదవాలి. కిల్ కమాండ్ క్షణంలో ముగిసిపోతుంది, పొద్దున్న చూస్తే ఆనవాలు ఉండదు. అందుకే గెట్‌సిగ్‌ఇన్ఫో పక్కనే, కంట్ పిలవకముందే, ఆ ఫైలు చదివే రెండు లైన్లు రాసేయండి.

అర్ధరాత్రి సిగ్‌హప్ అంటే నా మొదటి అనుమానం పాత లాగ్‌లను పక్కకు తీసే లాగ్‌రొటేట్ మీదే. లాగ్ ఫైలు మార్చాక 'కొత్త ఫైలు తెరువు' అని చెప్పడానికి దాని సెట్టింగుల్లోని పోస్ట్‌రొటేట్ భాగంలో సిగ్‌హప్ పంపడం మామూలే. వినే ఏర్పాటు లేని ప్రోగ్రాం దానికి చచ్చిపోతుంది. ఆ లైను తీసేయండి, లేదా ప్రోగ్రాంలో సిగ్‌హప్‌కు హ్యాండ్లర్ (దాన్ని పట్టుకునే కోడ్) రాయండి.

సిగ్‌కిల్ సంగతి వేరు. ప్రోగ్రాంను తక్షణం చంపే ఈ 9వ నంబరు సిగ్నల్ పీట్రేస్ దగ్గర ఆగదు. ప్రోగ్రాం పోయిందన్న కబురే వెయిట్‌పిడ్‌కు అందుతుంది, పంపినవారి నంబరు రాదు. మెమరీ చాలక కెర్నెలే చంపితే కెర్నెల్ సందేశాలు చూపే డీమెసేజ్‌లో (టైప్ చేసేది డీ-ఎం-ఈ-ఎస్-జీ) 'అవుట్ ఆఫ్ మెమరీ' అన్న లైను ఉంటుంది. అది కనబడకపోతే కెర్నెల్‌ను గమనించే బీసీసీ టూల్స్‌లోని కిల్‌స్నూప్‌ను రూట్‌గా (అడ్మిన్‌గా) రాత్రంతా నడపండి. ఏ ప్రాసెస్ ఎవరికి కిల్ పంపిందో అది రాసి పెడుతుంది.